రెండు చుట్టల దూరం

మహేంద్రగిరి మీదికి దారి కాదిది,
వానాకాలం దిగిపోయిన నీళ్ళ అడుగుజాడ.
పర్లాకిమిడిలో బిగించి కట్టిన బూట్ల తాళ్ళు
రెండుసార్లు ఊడాయి, మోకాళ్ళు మూడుసార్లు.

"ఇంకెంత?" అంటాను.
"రెండు చుట్టల దూరం" అంటుంది సొంబారి,
అడ్డపొగ నోట్లోంచి తీయకుండానే.
నెత్తిన బుట్టలో సంతలో కొన్న గల్లుప్పు మూట,
ఒక చేతద్దం, కోడిపెట్ట.
కోడి వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది,
జాలిగా.

రెండో చుట్టా ఆరింది.
మూడోది వెలిగించి
"ఇది లెక్కలోది కాదు" అంది.
వెదురు పోయి ఈతచెట్లు, ఈత పోయి బోదగడ్డి,
గడ్డి కూడా వంగి వంగి నడిచే చోట
గాలి నా చొక్కా పట్టుకుని
ఎవరి తాలూకా అని అడిగింది.

గట్టు మీద నిలబడ్డాం.
తూర్పున, మబ్బు చివర, కత్తి అంచంత సముద్రం.
రోజూ చూస్తుందట. ఎప్పుడూ దిగలేదట.
"అదంతా ఉప్పేనా, నిజంగా?"
ఔనన్నాను.
నీళ్ళవైపు చూసింది,
దించిన బుట్టలో మూటవైపు చూసింది,
"మరి కేజీ ఇరవై రూపాయలేటి?"

జవాబు వెతుక్కుంటూ పెదాలు తడుపుకున్నాను.
ఎక్కిన కొండంతా అక్కడే ఉంది, ఉప్పగా.