కారాల్సిన చోట

హంటర్ రోడ్డు మలుపులో బ్రేకు తొక్కంగనే
అద్దం మీది బుగ్గలోంచి
ధార కట్టి పడ్డది నా ఒళ్లో,
చల్లగ, దుమ్ము వాసనతో.
పక్క సీట్లో రజిత నవ్వాపుకోలేదు:
"కారు కారుతున్నది."

రెండో చేతి బండి.
కొన్ననాడు దాని సన్‌రూఫ్ ఒక్కటే చూసిన,
ఇంజను చూడలే.
ఫోర్ట్ రోడ్డు మీద రాత్రిపూట తెరిచి
చుక్కలు చూసుకుంట పోవాలని.
తెరిచింది రెండే సార్లు. అందుల ఒకసారి మబ్బు.

ఆషాఢం మొత్తం నా సొంత వైద్యమే.
తెల్ల సిలికాన్ పిండి అంచులు పూసిన,
పైన ప్లాస్టర్ అంటించిన,
దాని మీద ఎరువుల సంచి కప్పి ఇటుక పెట్టిన.
తెల్లారి చూస్తే
కాళ్ల కింద చెప్పు మునిగేటన్ని నీళ్లు,
సీటు బెల్టుకు బూజు,
సొరుగులో నానిన ఇన్సూరెన్సు కాయితం.

కాశిబుగ్గ సదానందం ఇటుక దించి,
ప్లాస్టర్ ఊడబీకి,
మూత వెనక్కి జరిపి
చాలాసేపు ఏం మాట్లాడలే.
తర్వాత అన్నడు:
"సారూ, ఇది నీళ్లను ఆపే తలుపు కాదు.
కొన్ని వస్తయి. వచ్చినయి పోవాలె.
నాలుగు మూలల నాలుగు తూములున్నయి,
ఎన్నడన్న పలకరించిన్రా?"

ఛాయ్ గ్లాసుతో మూలకు నీళ్లు పోసిండు.
ఇద్దరం బండి కింద వంగి చూసినం.
కుడి చక్రం వెనక చుక్క లేదు.
ఎడమ దిక్కూ లేదు.
ఇనుప తీగ కోసం నేను లేస్తే చెయ్యి పట్టి ఆపిండు:
"పైపు చీరుకపోతది. గాలి గట్టిగ కొడితే కీలు ఊడుతది,
అప్పుడు పైకప్పు గుడ్డంత దించాలె."
అల్లుని గాలం దారం తెప్పించి
కొస కాల్చి గుండ్రం చేసి
చెవిలో కోడీక తిప్పినట్టు
మెల్లగ, మెల్లగ.

వచ్చింది.
వేలెడంత, బూడిద రంగు, తడి వత్తి.
గుర్తుపట్టిన.
ఏనుమాముల యార్డులో ఇరవయ్యేండ్లుగ
నా మీసం మీద, నా చిట్టా పుస్తకం మీద,
సద్ది గిన్నెలో కూడా వాలే పత్తి నూగు.
కార్తీకంల ఎగిరింది,
శ్రావణానికి ఇట్ల పేనుకున్నది.

"ఎంతియ్యాలె?"
"తూములు తీసినందుకు నూటయాభై.
మీ సిలికాన్ గీకినందుకు ఎనిమిదొందలు."

కింది పట్టలు మూడు దినాలు మిద్దె మీద ఎండినయి.
వాసన ఇంకా పూర్తిగ పోలేదు.
ఇప్పుడు నెలకోసారి, పాత టూత్‌బ్రష్షుతో
మూలలు తుడుస్తున్న,
గ్లాసెడు నీళ్లు పోసి వంగి చూస్తున్న.

రాత్రి వాన దంచింది.
టార్చి పట్టుకొని, గొడుగు మరిచి, ఉరికిన.
చక్రం వెనక సన్నటి ధార
మట్టిలో చిన్న గుంత తవ్వుతున్నది.
కిటికీలోంచి రజిత: "మళ్ల కారుతున్నదా?"
"కారుతున్నది" అన్న,
తడుసుకుంట, అక్కడనే కూసొని.