ఆది రైక

పొద్దున ఎనిమిదింటికి కాటా గదిల కూసుంటె
రాత్రి ఏడు దాక అంకెలే.
నిండు లారీ, ఖాళీ లారీ,
రెండిటి నడుమ తేడా వడ్లు.
యాసంగి జోరు మీదున్న దినాలు.
వేములపల్లి దిక్కు నుంచి వచ్చిన ట్రాక్టర్లు
మిల్లు గేటు దాటి రోడ్డు మీద దాక నిలబడతయి.
అద్దం సందుల నుంచి ఊక లోపలికొచ్చి
నా టిఫిన్ డబ్బా మీద, కీబోర్డు మీద, రెప్పల మీద
ఏ కొలత తీసుకోకుండనే
సరిగ్గ సరిపోయేటట్టు పరుచుకుంటది.

ఏడుంబావుకు బంగారుగడ్డ.
షాహీన్ ఆపా ముందర్రూములో మూడు తొక్కుడు మిషన్లు,
ఒకదానికి బెల్టు లేదు.
నాతోని చేరిన ఇంటర్ పిల్లలు పైపింగు దాక పోయిన్రు,
నేనింకా కాగితం మీదనే.
"మిషన్ ఎవరన్న తొక్కుతరు బేటా, ముందు గీత నేర్చుకో."
గీతకు కాగితం కావాలె గద.
మిల్లుల పారేసిన కాటా చిట్టీలు, వెనక దిక్కు తెల్లగుంటయి.
మైదా గంజితోని వరసగ అంటిస్తె
ఇరవై రెండు లారీలకు ఒక ముందు భాగం.

చాతిల నాలుగో వంతు, దానికి ఒకటిన్నర కలుపు.
కలుపు అన్న మాట కాడ నా పెన్సిలు ఆగింది.
పొద్దంత నేను కొట్టేది తరుగు.
తేమకు ఇంత, తాలుకు ఇంత, సంచికి ఇంత.
చిట్టీ చింపి ఇస్తె
రైతు దాన్ని కండ్లకు దగ్గర పెట్టుకొని చూస్తడు.
నన్నేమనడు.
అంటె బాగుండు.
ఇక్కడనేమో కొలిచినదానికి కలపాలెనట!
"మనిషి ఊపిరి పీల్చుకోవద్దా?" అంటది ఆపా,
"లోపల ఇంచి గుడ్డ దాచు. రేపు ఒళ్లు చేస్తె విప్పుకుంటది."

రెండు ఎడమ చేతులు కుట్టిన.
ముందు మెడ వెనక కత్తిరించిన.
ఒకనాడు నిద్ర కండ్లతోని
లారీ నంబరు కాడ ముప్పై నాలుగున్నర అని కొట్టిన.
సేటు నవ్వలేదు.

తవుడు గంపలెత్తే సైదమ్మ అన్నది:
"ఎవ్వలు కుట్టినా నా రైక కుడి భుజం జారుతది బిడ్డా."
ఆది తెమ్మన్న.
చంకల అతుకేసిన, వెలిసిపోయిన రైక తెచ్చింది.
ఆదిల కూడ అదే తప్పు.
ఇరవై యేండ్ల సంది
ఒక టైలరు తప్పును ఇంకో టైలరు
టేపు పెట్టి మరీ కొలుచుకుంట వస్తున్నడు.

పగటన్నం యాళ్లకు, సంచుల చాటుకు, మనిషినే కొలిచిన.
ఆమెకు చక్కిలిగింతలు.
మెడ నుంచి భుజం అంచుకు ఎడమ ఐదు. కుడి కూడ ఐదే.
కాని కుడిది ముప్పావు ఇంచి కిందికి దిగింది.
"గంప ఎప్పుడు గా దిక్కే గద" అన్నది,
ఏదో దారి చెప్పినట్టు.

కాగితం మడువు, సగమే గీయి, మడత మీద కత్తిరించు,
విప్పితె నిండు మనిషి. గదీ నాకొచ్చిన విద్య.
ఆ రాత్రి ఆపా ముందట అంకెలు పెట్టిన.
కళ్లద్దాలు తీసి కొంగుతోని తుడుచుకున్నది,
మల్ల పెట్టుకున్నది.
"నాకు గూడ ఎవ్వలు నేర్పలేదు" అన్నది.
"మడత విప్పు. రెండు దిక్కులు వేరే వేరే గీద్దాం."
పదకొండు దాటింది. పిల్లలందరు ఎప్పుడో పోయిన్రు.
ఒక భుజం నేను, ఒక భుజం ఆపా.

మూడోసారి కుట్టింది తొడుక్కొని
సైదమ్మ మంచిగున్నదనలేదు, లేదనలేదు.
చెయ్యి పైకెత్తింది, దించింది,
తవుడు కుప్ప దిక్కు నడిచింది.
కాటా గది అద్దంల నుంచి చూస్తున్న.
వంగింది. గంప ఎత్తింది.
వెనక లారీ హారను కొడుతున్నది, కొట్టనీ.
భుజం జారలేదు.
వెనక మెడ కాడ మాత్రం కొంచెం ఉబ్బింది,
పావు ఇంచి.
చిట్టీ వెనక రాసుకున్న.