నీలి మీట

బల్మసేదా హ్యాంగర్లో, పటగోనియా గాలికి
రేకులు రాత్రంతా పళ్లు నూరుతాయి.
ఆ చప్పుడులోనే
నలభయ్యేళ్ల సెస్నా ముఖం విప్పాను.

గుండ్రటి గడియారాలు ఆరూ బయటికొచ్చాయి.
ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుంటే
లోపల గైరో ఇంకా ఎటో ఒరగబోతున్నట్టు
గరగరమంది.
వాటి చోట రెండు తెరలు,
తోకలో, రెక్కల్లో తీగలు లాగే చిన్న మోటార్లు,
నడుమ ఒక నీలి మీట.

"ఇది నొక్కితే?" అంది నెరెయ్‌దా కార్కమో.
రెక్కలు సమమవుతాయి అన్నాను.
నువ్వు ఎటు ఒరిగినా, భయంతో బిగుసుకున్నా,
మబ్బులో కిందేదో పైనేదో తెలియకపోయినా.
"నొక్కకపోతే?"
నలభై అయిదు డిగ్రీలు దాటి ఒరగబోతే
చేతికి ఎదురు తోస్తుంది,
రోడ్డు దాటే పిల్ల మోచేయి పట్టుకున్నట్టు.
పట్టుబట్టావా, నీ మాటే నెగ్గుతుంది.

ఆమె నవ్వలేదు.
ఓయార్సూన్ ముసలాయన దగ్గర నేర్చుకున్న మనిషి.
ఆయన ముప్పయ్యేళ్లు ఈ ఫ్యోర్డుల మీదుగా
ఉత్తరాలు, ఉన్ని మూటలు, పురిటి నొప్పులు మోశాడు.
చెవి అబద్ధమాడుతుంది, నడుమూ అబద్ధమాడుతుంది,
సూదిని నమ్ము, అనేవాడు.
ఇప్పుడు సూదే లేదు.

తొలి ప్రయాణానికి నన్నూ ఎక్కించుకుంది.
తెర మీద గోధుమరంగు కొండలు, మడత నలగకుండా.
అద్దం బయట కొండలేవీ లేవు. తెల్లగా ఏదో ఉంది, అంతే.
ఆటోపైలట్ ఎంత నున్నగా నడుపుతోందంటే
ఫ్లాస్కు మూతలో మాతే కషాయం తొణకలేదు.
గర్వంగా తాగాను.

పది నిమిషాలకోసారి ఆమె దాన్ని ఆపేస్తోంది.
కాసేపు చేత్తో పట్టుకుని, మళ్లీ అప్పగిస్తోంది.
నా పనితనం మీద నమ్మకం లేదేమోనని
లోపల్లోపల ఉడుక్కున్నాను.

నాలుగోసారి
కాడి మత్తుగా కదిలింది.
వేగం పదిహేను నాట్లు తక్కువ.
ట్రిమ్ చక్రం ఎప్పుడో వెనక్కి తిరిగిపోయి ఉంది.
రెక్క అంచున మంచు, వేలి మందాన.

"చూశావా, దాచింది" అంది,
కోపంగా కాదు,
ఒంట్లో జ్వరం ఉందని చెప్పకుండా
పని చేసుకుపోయే మనిషి గురించి అన్నట్టు.
ఎత్తు తగ్గకూడదన్నాం, తగ్గనివ్వలేదు పాపం.
ముక్కు కాస్త కాస్తే ఎత్తుకుంటూ
చక్రం కాస్త కాస్తే తిప్పుకుంటూ
అడగని సంగతి మింగేసింది.

నా వేలు నీలి మీట వైపు పోయింది.
"వద్దు. సమంగానే ఉన్నాం.
ఈ లోయ ఇంకో ఏడు మైళ్లలో అయిపోతుంది."

నేనే బిగించిన మీట.
తెరకి కొండ తెలుసు, మీటకి తెలీదు.
రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి, మాట్లాడుకోవు.

ముక్కు దించి, ఎడమకి తిప్పింది,
యంత్రం అభ్యంతరం చెప్పని కోణంలో, మెల్లగా.
ఫ్యోర్డు నీళ్ల మీద వెచ్చటి గాలి తగిలాక
మంచు పెచ్చులు పెచ్చులుగా ఊడి తోకని కొట్టింది.
ప్రతి దెబ్బకీ నాలో ఓ స్క్రూ వదులైంది.

తోర్తెల్‌లో దిగాం. వాన.
వ్యాక్సిన్ డబ్బాలు దింపుతూ ఆమె ఏదో పాట గొణిగింది.

ఆ రాత్రి, మాన్యువల్లో లేని మాట ఒకటి
టేపు ముక్క మీద రాసి
ట్రిమ్ చక్రం పక్కన అంటించాను:
అడుగు.

వారం తర్వాత చూశాను,
ఎక్కుతూనే నెరెయ్‌దా
ఊడొస్తున్న ఆ టేపు మూలని
బొటనవేలి గోటితో నొక్కింది.