నీలం రంగు మిగిలింది

జ్ఞానాపురం సమాధుల తోటలో నవంబరు రెండు.
కొవ్వొత్తుల సెగకి గాలి కూడా మెత్తబడింది.
నీ పేరు పెచ్చులూడిపోయింది, ఇన్నాసీ,
గోటితో గీకి
నీ కుంచెతోనే దిద్దుతున్నాను.

ఫిషింగ్ హార్బర్లో సగం బోట్లకి
పేర్లు పెట్టింది ఓనర్లు, రాసింది నువ్వు.
"దీర్ఘం లాగేటప్పుడు ఊపిరి పీల్చకురా గుంటడా" అనేవోడివి.
పీల్చాను.
నీ పేరులో 'న్నా' వంకరపోయింది.

పక్కనే మీ అమ్మ సిలువ.
ఆవిడ కవ్వళ్ళ పులుసు గుర్తొచ్చి
అంచుకి ఓ పూత వేశాను.
అవతల ఎవరో పసిబిడ్డ. పేరు లేదు, తేదీ ఒక్కటే.
దానికీ వేశాను.
డబ్బాలో ఇంకా నీలం మిగిలింది.

సాయంత్రం జెట్టీ మీద యల్లాజీ అడిగాడు:
"పోలమాంబ బోటు మీద అక్షరాలు మాసిపోనాయి,
ఎలాగూ రంగుంది కదా, దిద్దీరాదేటి?"

బోటు ఊగుతోంది.
ఉప్పు తినేసిన చెక్క మీద
'మా' దీర్ఘంలో నువ్వు బిగబట్టిన ఊపిరి
ఇంకా వదల్లేదు.

మూత బిగించేశాను.
వచ్చే ఏడు చూద్దాం అన్నాను,
పోయినేడు అన్నట్టే.