పదకొండో గంట

పూర్ణా మార్కెట్ వెనక సందులో
గడియారాలు బాగుచేసే ధర్మలింగం గారి కొట్లో
కాగితం కవరులో ఒక వెండి రూపాయి ఉంది.
మూడుసార్లు సముద్రం దాటొచ్చింది అది.

మొదటిసారి వెళ్ళి,
గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగిసి కూచుని,
నెత్తిన అరవై రెండు మోసుకొచ్చింది.
డెబ్భైకి అరవై రెండు!
ఆయన ఒప్పుకోలేదు.
వాచీల సుత్తితో పెట్టె పగలగొట్టి
దూదిలో చుట్టి మళ్ళీ పంపాడు.
అరవై నాలుగు.
ఆ సాయంత్రం సందు మొత్తానికి మాడుగుల హల్వా.
ఆశ ఊరుకోదు కదా, ఇంకోసారి పంపితే
ఈసారి అంకే లేదు.
"ఎవరో తోమారు" అని ఒక్క ముక్క రాసి
ఉత్త కవరులో తిప్పి పంపారు.

అదే రాణి. అదే మెడ.
చెంప మీద ఎవరి తాళం చెవో గీసిన అదే సన్న గీత.
ధర మాత్రం పద్దెనిమిది వేల నుంచి నలభైకి ఎక్కి
అక్కణ్ణించి మెట్లు లేకుండా దిగింది.

"సెప్పు నూకరత్నం, నువ్వూ గ్రేడింగే కదా సేస్తావు.
ఒక రొయ్యకి ఎన్ని గ్రేడులుంటాయి?"

ఒక్కటే, అనబోయి ఆగాను.

పద్నాలుగేళ్ళుగా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి
వనామీ ఏరుతున్నాను.
పౌండుకి పదహారు నుంచి ఇరవై తూగేవి ఒక ట్రే,
ఇరవై ఒకటి నుంచి ఇరవై ఐదు పక్క ట్రే.
కాటా అక్కర్లేదు,
కన్ను చెప్పేలోపే చెయ్యి విసిరేస్తుంది.
పొద్దున్న ఆరింటికి నా చూపు కొత్త బ్లేడు.
సీజన్లో షిఫ్టు పన్నెండు గంటలు.
పదకొండో గంటకి
ట్యూబులైట్లు కళ్ళలోకి కారుతుంటే
ఇరవై రెండు కూడా ఇరవైలాగే ఉంటుంది.
చిన్నోడికి జ్వరమొచ్చిన వారం
ప్రతి రొయ్యా సన్నమే.
బోనసు పడ్డ రోజు అన్నీ బాగా ఎదిగినవే.
ఇవేవీ డబ్బా మీద రాయరు.
డబ్బా మీద ఒక అంకె, ఒక సీలు.
పేరు తెలీని ఊళ్ళో ఎవరో నమ్మి వడ్డించుకుంటారు.

"సూసినోడూ మనిషే కదండీ,
ఏ పూట సూశాడో,
ఇంటికాడ ఏటి గొడవో" అన్నాను.

"అంత డబ్బు కట్టింది మనిషికేటి? అంకెకి!"
ఆయన విసుగు గాజు బల్ల మీద టకటకలాడింది.
కాసేపటికి తనే అన్నాడు:
"అంకెలు రాకముందు మాత్రం ఏటుంది?
కొన్నప్పుడు అరిగిపోయిందనీవోణ్ణి,
అమ్మినప్పుడు తళతళ్లాడతందనీవోణ్ణి.
రెండూ ఈ నోరే."

తర్వాత గొంతు తగ్గింది.
బయట మామిడిపళ్ళ బండివాడు అరుస్తున్నాడు.
దగ్గరికి వంగితే తప్ప వినపడలేదు.

ఏదో శ్రావణ శుక్రవారం
కుందులతో పాటు రూపాయినీ
విబూది పెట్టి తోమిందట ఆయన భార్య.
"ఇద్దరు పట్టలేకపోయారు.
మూడోవోడు పట్టేశాడు."

ముందే తెలుసా మీకు?

జవాబు లేదు.
కంటికి అద్దం బిగించుకుని
ఆగిపోయిన ఎవరిదో వాచీలోకి దిగిపోయాడు.
నేను కవరు వంచాను.
రూపాయి అరచేతిలో పడింది, చల్లగా,
అప్పుడే ఐసులోంచి తీసినట్టు.
నా చేతికి ఎంత కడిగినా పోని నీచు వాసన,
దానికి ఎంత దాచినా పోని మెరుపు.

మర్నాడు ప్లాంటులో
రెండు ట్రేల మధ్య ఒక రొయ్య
నా గ్లవ్సులో ఆగిపోయింది.
"ఏటమ్మా, దాని జాతకం సూస్తన్నావా?"
సూపర్‌వైజరు కేక.
నవ్వారందరూ.
ఇరవైలో వేసేశాను.

ఎందుకని అడిగితే చెప్పలేను.
గోడ గడియారంలో అప్పటికింకా
ఎనిమిదే అయింది.