రాని బాకీ

యాప్ పేరు 'చిల్లర' అన్నాను.
"పేరే చిల్లరగా ఉంది కదమ్మా" అన్నారు సార్.
మూడు రాత్రులు ఆకుపచ్చలు మార్చాను:
ఒకటి బ్యాంకులా, ఒకటి మందుల షాపులా,
ఒకటి మా హాస్టల్ గోడ మీది నాచులా.

మాసబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ కింద
మిర్చీబండి పోశవ్వకి ఫోనిచ్చాను, నొక్కి చూడమని.
నూనె వేలు కొంగుకి తుడుచుకుని
తిండి, కిరాయి, కరెంటు, ఫీజు
అన్నీ తిరిగొచ్చి ఆగింది.

"మంచిగనే ఉన్నది బిడ్డా.
ఇచ్చి అడగలేనియి యాడ రాయాలె?"

పదకొండు బటన్లు గీశాను,
అదొక్కటి లేదు.

రేపే సబ్మిషన్.
పన్నెండోది గీశాను. పేరు పెట్టలేదు.
దానికి ఏ ఆకుపచ్చా నప్పలేదు.
నొక్కితే తెరుచుకుంటుంది,
మొత్తంలో మాత్రం కలవదు.

పనిచేస్తుందో లేదోనని
మొదటి పద్దు నేనే రాశాను:
రుబీనా, బస్‌పాస్, పోయిన జులై.