నాలుగు గ్లాసులు

అంబత్తూరులో మా మేడ మీద
ఆస్బెస్టాస్ రేకు కింద ఐదు కుట్టు మిషన్లు.
కత్తిరి ఎండల్లో మధ్యాహ్నం రెండింటికి
కత్తెర పట్టుకుంటే చురుక్కుమంటుంది.
తులుక్కానమ్మ తడిగుడ్డ నెత్తిన వేసుకుని
కాజాలు కుడుతుంది.
ఈ ఏడు చీటీ పాడాను.
రేకు దించేసి గది కట్టాలి,
పగలు పనికి, రాత్రి పడకకి.

ఇటుక గోడ ఎత్తితే కింది ఇల్లు మోయదన్నాడు ఇంజనీరు.
అట్లా వచ్చాడు ఇళంగో, పానెళ్ల కంపెనీ కుర్రాడు.
భుజం సంచిలోంచి మూడు ముక్కలు తీసి
కటింగ్ టేబుల్ మీద వరసగా పెట్టాడు.
రెండు రేకుల నడుమ
ఒకదాంట్లో తెల్లటి థర్మాకోల్,
ఒకదాంట్లో పఫ్ అనే పసుపు నురుగు,
ఇంకోదాంట్లో
రాతిని కరిగించి పోగులు తీసిన ఉన్ని.
రాతికి పోగు తీస్తారా!
ముప్ఫయ్యేళ్లుగా దారం మీద బతికేదాన్ని,
ధర చెప్తున్నా వినకుండా
ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

మా నాయన చెంగల్రాయుడు, మేస్త్రీ,
మూడింటినీ వేలి కణుపుతో కొట్టి చూశాడు.
"ఇది గోడా మ్మే, క్రీమ్ బిస్కత్తా?"
క్యాలెండరుకి మేకు ఎక్కడ కొడతావన్నాడు.
తడిస్తే ఏమైతుందన్నాడు.
ఎలుక గురించి అడిగాడు.
ఇళంగో కాగితం తిరగేసి చూశాడు.
కాగితంలో ఎలుక లేదు.

మరునాడు నేనే పరీక్ష పెట్టాను.
నాలుగు స్టీలు గ్లాసుల్లో ఐదేసి ఐసు ముక్కలు,
గ్లాసుకో అట్టపెట్టె.
మూడింటికి ఆ మూడు ముక్కలే మూత,
నాలుగోదానికి పాత రేకు పెంకు.
పన్నెండింటికి ఎండలో పెట్టి అరగంటకి తీశాం.
రేకు కింద ఉత్త నీళ్లు, వేలు పెడితే వెచ్చన.
రాతి ఉన్ని కింద చిక్కుడు గింజలంత రెండు.
పఫ్ కింద మూడు, ఇంకా గ్లాసుకి తగిలి గలగలమంటూ.
థర్మాకోల్ మూత తోసేసి
కాకి తాగిపోయింది.
దాని లెక్క నాకు ఇప్పటికీ తెలీదు.

సాయంత్రం ఇస్త్రీపెట్టెలోంచి
ఒక్కో నిప్పుకణిక తీసి ముక్కల అంచున పెట్టాను.
థర్మాకోల్ ముట్టుకున్న నత్తలా లోపలికి ముడుచుకుంది.
పఫ్ నల్లబడి, గొంతు పట్టే పొగ వదిలింది.
రాతి ఉన్ని మీద నిప్పు
కాసేపు ఎర్రగా కూర్చుని
విసుగొచ్చి చల్లారింది.
తులుక్కానమ్మ ఏమీ అనలేదు.
గుడిసెలు తగలబడిన ఏడు కాలిన మోచేతిని
కొంగులోకి లాక్కుంది.

బరువెక్కువ, ధర ఎక్కువ,
చల్లదనం ఒక పిసరు తక్కువ.
అయినా రాతి ఉన్నే అన్నాను.
ఆరో మిషను మాట వచ్చే ఏడు చూద్దాం.

పానెళ్లొచ్చే ముందురోజు
నాయన నన్నడక్కుండానే ఇటుకలు మేడెక్కించాడు.
కింద నీళ్లు నిలిస్తే రేకు తుప్పు పడుతుందని
నాలుగు పక్కలా రెండు వరసలు, జానెడు ఎత్తు కట్టాడు.
ఆ జానెడుకే రసమట్టం మూడుసార్లు పెట్టి చూశాడు.
మర్నాడు కుర్రాళ్లు పానెల్ దించితే
నూలు వాసి తేడా రాలేదు.
పొద్దుగూకక ముందే గది లేచింది.
నాయన తాపీ కడిగి, తుడిచి,
మళ్లీ కడిగాడు.

ఆడి నెలలో తొలివాన.
రేకున్నప్పుడు మొదటి చినుకు మాకే తెలిసేది,
వీధంతటికీ మేమే కేకేసేవాళ్లం.
ఇప్పుడు ఐదు మిషన్లూ తిరుగుతూనే ఉన్నాయి.
ఎవరో తలుపు బాదుతుంటే తీశాను.
నాయన, నెత్తిన గోనెపట్టా.
వెనకాల తీగ మీద
నానబెట్టి ఆరేసిన లైనింగు గుడ్డలు పదకొండూ
మళ్లీ నీళ్లోడుతున్నాయి.
తులుక్కానమ్మ కాజా ముడేసి, దారం కొరికి,
"వాన ఎప్పుడొచ్చింది?" అంది.